ఆరాధనలో వాయిద్యాలు: ఒక్క గొడవలా కనిపించే నాలుగు ప్రశ్నలు

సంఘంలోకి డ్రమ్స్ తేవాలా వద్దా అన్న మాటతో మొదలై, చివరికి ఒకే ప్రభువు బల్లలో పాలుపొందినవాళ్లు రెండు సంఘాలుగా విడిపోవడం క్రైస్తవ చరిత్రలో కొత్తేమీ కాదు. ఒకవైపు వాళ్లు కీర్తన 150 తెరిచి, ‘ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఇంకా అనుమానమేంటి?’ అంటారు. ఇంకోవైపు వాళ్లు, ‘అపొస్తలుల సంఘంలో వాయించారని ఒక్క వచనం చూపించండి’ అంటారు. ఇద్దరూ చెప్పేది బైబిల్లో ఉన్న సంగతే. అయినా వాదన తెగదు. ఎందుకంటే వాళ్లు జవాబు చెబుతున్నది వేర్వేరు ప్రశ్నలకు.

ఆ ప్రశ్నలు కనీసం నాలుగు. పాత నిబంధనలోని దేవాలయ ఆరాధన నేటి సంఘానికి ఎంతవరకు వర్తిస్తుంది? ఒక సంగతి గురించి లేఖనం ఏమీ చెప్పకపోతే దాన్ని నిషేధం అనుకోవాలా, స్వేచ్ఛ అనుకోవాలా? ఎప్పటి అలవాటును సంప్రదాయం అనాలి? వాయిద్యం వల్ల సంఘం గొంతు లేస్తుందా, అణగిపోతుందా? వీటిని కలిపేసి మాట్లాడినంతకాలం ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు.

ఇక్కడ ఆరాధన అంటే సంఘం ఒక చోట కూడి చేసే ఆరాధన మాత్రమే. ఇంట్లో గిటారు పట్టుకుని భక్తిపాట పాడుకోవడం గురించో, కచేరీ గురించో కాదు. వాయిద్యాలు వద్దనే సంఘాల్లో కూడా ఎక్కువమంది ఇంట్లో వాయించుకోవడాన్ని తప్పు పట్టరు. వాయిద్యం లేకుండా గొంతుతోనే పాడే పద్ధతిని ఆ కాపెల్లా అంటారు.

దేవాలయంలో అవి ఎక్కడ మోగాయి

పాత నిబంధనలో వాయిద్యాలు పుష్కలంగా ఉన్నాయి, అందులో ఎవరికీ పేచీ లేదు. సంఖ్యాకాండము 10లో వెండి బూరలు చేయించమని మోషేకు ఆజ్ఞ వస్తుంది. దావీదు కాలానికి వాయిద్యాలతో స్తుతించడానికే 4,000 మంది లేవీయులు ఉన్నారని మొదటి దినవృత్తాంతములు 23 చెబుతుంది. బూర, స్వరమండలం, సితారా, పిల్లనగ్రోవి, తాళాలు, ఇలా కీర్తన 150 ఒక్కొక్కటీ పేరుపెట్టి పిలుస్తుంది.

అయితే రెండవ దినవృత్తాంతములు 29ని కాస్త నిదానంగా చదవాలి. యూదా రాజు హిజ్కియా దేవాలయాన్ని శుద్ధిచేసి ఆరాధనను మళ్లీ మొదలుపెట్టిన సందర్భం అది. లేవీయులు దావీదు చేయించిన వాయిద్యాలు పట్టుకుని, యాజకులు బూరలు పట్టుకుని నిలబడ్డారు. బలిపీఠం మీద దహనబలి మొదలుకాగానే పాట, బూరల మోత కూడా మొదలయ్యాయి. బలి పూర్తయ్యేదాకా సాగాయి. అంటే అక్కడ సంగీతం బలితో ముడిపడి ఉంది. ఎవరు వాయించాలో, ఏది వాయించాలో కూడా నియమించి ఉంది. అది దావీదు సొంత సరదా కాదనీ, ప్రవక్తల ద్వారా యెహోవా ఇచ్చిన ఆజ్ఞ అనీ అదే అధ్యాయం చెబుతుంది.

ఇక్కడే దారులు చీలతాయి. బలి, ధూపం, యాజకవస్త్రాలు అన్నీ క్రీస్తులో నెరవేరి పక్కకు తప్పుకున్నప్పుడు, వాటితో పాటే ఉన్న వాయిద్యాలు మాత్రం ఎలా మిగులుతాయని ఒక పక్షం అడుగుతుంది. కీర్తనలు బలి వ్యవస్థకంటే విశాలమైనవని రెండో పక్షం జవాబు. ఎర్రసముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టుకున్నప్పుడు అక్కడ బలిపీఠమూ లేదు, దేవాలయమూ లేదు. పైగా నేటికీ ప్రతి సంఘమూ కీర్తనలు పాడుకుంటోంది. ‘సితారాతో స్తుతించండి’ అని నోటితో పాడవచ్చు కానీ సితారా ముట్టుకోకూడదంటే ఎలా అని వాళ్లు అడుగుతారు.

ప్రకటన గ్రంథంలో పరలోకంలో వీణెలు ఉన్నాయి కదా అన్నది తరచూ వినే మాట. దాని మీద ఎక్కువ బరువు పెట్టలేం. ఆ దర్శనంలోనే ధూపమూ బలిపీఠమూ కూడా ఉన్నాయి. వీణెను అక్షరార్థంగా తీసుకుంటే వాటినీ అలాగే తీసుకోవాల్సి వస్తుంది. అలాగే వాయిద్యాలు వద్దనేవాళ్లు ఆమోసు 5:23ని ఎత్తిచూపడం కూడా నిలబడదు. ‘నీ స్వరమండలముల నాదం వినను’ అన్న ఆ ప్రవక్త, అంతకుముందు మాటలోనే వాళ్ల పాటల ధ్వనిని కూడా తొలగించమన్నాడు. ఆయన కోపం అన్యాయం మీద, తీగల మీద కాదు.

మౌనం అంటే కాదనా, అవుననా?

కొత్త నిబంధనలో సంఘం పాడటం కనిపిస్తుంది. ప్రభువు రాత్రి భోజనం తర్వాత శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారు. పౌలు సీలలు చెరసాలలో పాడారు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికలు కీర్తనలు, సంగీతాలు, ఆత్మసంబంధమైన పాటలు పాడమంటాయి. సంఘం కూడికలో వాయిద్యం వాడినట్టు గానీ, వాడొద్దని గానీ ఎక్కడా లేదు. (ఎఫెసీ పత్రికలో ‘కీర్తించుచు’ అన్న చోట ఉన్న ప్సాల్లో అనే గ్రీకు క్రియకు ఒకప్పుడు తీగ మీటడం అనే అర్థం ఉండేది. పౌలు నాటికి ఆ అర్థం మిగిలి ఉందా లేదా అన్నదానిపై పండితుల వాదన చాలా పాతది. ఆ ఒక్క మాటతో వ్యవహారం తేలదు.)

మరి ఈ మౌనాన్ని ఏమనుకోవాలి? అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం. మిగతా వాదనలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మొదటి సూత్రం ప్రకారం, ఆరాధనలో దేవుడు ఆజ్ఞాపించింది మాత్రమే చేయాలి, ఆజ్ఞ లేనిదంతా నిషేధమే. 1640లలో ఇంగ్లండులో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం అనే ప్రొటెస్టెంట్ నమ్మకాల పత్రం ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. దీన్ని నమ్మేవాళ్లు నోవహు ఓడ ఉదాహరణ చెబుతారు. చితిసారకపు మానుతో ఓడ చేయమన్నాక, ‘దేవదారు వద్దు, సింధూరం వద్దు’ అని వేరే జాబితా ఇవ్వనక్కర్లేదు కదా. నాదాబు, అబీహు తెచ్చిన అన్యాగ్నిని కూడా గుర్తుచేస్తారు. వాళ్ల తప్పు, దేవుడు ఆజ్ఞాపించని అగ్నిని తేవడమే. అలాగే ‘పాడుడి’ అన్నాక ‘వాయించవద్దు’ అని విడిగా చెప్పక్కర్లేదని వీరి వాదన.

రెండో సూత్రం ప్రకారం, లేఖనానికి విరుద్ధం కానిది, సంఘానికి క్షేమాభివృద్ధి కలిగించేది ఏదైనా సంఘం ఏర్పాటు చేసుకోవచ్చు. లూథరన్లు, ఆంగ్లికన్లు మొత్తం మీద ఇటువైపు. యూదులు కూడుకునే సమాజమందిరం గురించి ధర్మశాస్త్రంలో ఆజ్ఞ లేదు, అయినా యేసు వాడుక చొప్పున అక్కడికి వెళ్లాడు. ప్రతిష్ఠిత పండుగ మోషే నియమించింది కాదు, అయినా ఆ పండుగ సమయంలో ఆయన దేవాలయంలో ఉన్నాడని యోహాను 10 చెబుతుంది. మౌనమంతా నిషేధమే అయితే ఇవి ఎలా కుదురుతాయని వీరి ప్రశ్న.

శ్రుతి గొట్టం పరీక్ష

ఈ రెండు సూత్రాలు నిజంగా ఎలా పనిచేస్తాయో చూడాలంటే చిన్న ఉదాహరణ చాలు. వాయిద్యాలు వాడని సంఘంలో పాట ఎత్తుకునే ముందు, పాడించే వ్యక్తి జేబులోంచి గుండ్రటి శ్రుతి గొట్టం తీసి, ఒక్క స్వరం ఊది, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. మరి అది వాయిద్యం కాదా?

‘కాదు, అది సహాయం మాత్రమే’ అన్నది వాళ్ల జవాబు. ఆజ్ఞ పాడమని. పాడటానికి శ్రుతి కావాలి, పుస్తకం కావాలి, వెలుతురు కావాలి. ఇవేవీ ఆజ్ఞకు కొత్త పని కలపవు. స్వరం ఊదడం అయ్యాక జరిగేది పాడటమే. పియానో అయితే పాటతో పాటు మోగుతూనే ఉంటుంది, అంటే పాడటం పక్కన వాయించడమనే మరో పని చేరింది. ఈ సహాయానికీ చేర్పుకూ మధ్య గీతే వాళ్లకు ప్రాణం.

అవతలివాళ్లు ఆ గీతను ఇంకాస్త జరుపుతారు. సగంమందికి స్వరజ్ఞానం లేని సంఘంలో, పాట పొడుగునా కీబోర్డు స్వరాన్ని పట్టి ఉంచితే అది మాత్రం సహాయం ఎందుకు కాదు? ఒక్క క్షణం ఊదితే సహాయం, మూడు నిమిషాలు పట్టి ఉంచితే చేర్పా? ఇక పాట లేకుండా కీబోర్డు ఒక్కటే మోగే భాగం వస్తే? అక్కడ మాత్రం వాయిద్యం వాడే సంఘాల్లో కూడా కొందరు ఆగిపోతారు. నిజానికి చాలా సంఘాలు ఈ మెట్ల మీద ఎక్కడో ఒక చోట నిలబడ్డాయి తప్ప, ఈ చివరన గానీ ఆ చివరన గానీ లేవు.

తొలి శతాబ్దాలవాళ్లు ఎందుకు దూరం పెట్టారు

చరిత్ర సాక్ష్యం వాయిద్యాలు వద్దనేవాళ్లకు బలమైన ఆధారం. తొలి శతాబ్దాల సంఘ పితరుల్లో, అంటే ఆనాటి ప్రముఖ బోధకుల్లో, ఈ విషయం మీద రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే వైపు ఉన్నారు. అలెగ్జాండ్రియా క్లెమెంటు విందుల్లో మోగే వేణువుల్ని తప్పుపట్టి, కీర్తనల్లోని వాయిద్యాలకు నాలుక, నోరు, శరీరం అంటూ ఆత్మసంబంధమైన అర్థం చెప్పాడు. నాలుగో శతాబ్దం చివర్లో బోధించిన జాన్ క్రిసోస్టమ్, యూదుల బలహీనతను బట్టి దేవుడు వాళ్లకు వాటిని అనుమతించాడన్నాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కూడా, యూదా ఆచారంలోకి వెళ్లినట్టు కనిపించకుండా సంఘం వీణె, స్వరమండలం లాంటివి వాడదని రాశాడు.

ఈ సాక్ష్యాన్ని చదవడంలోనే తేడా వస్తుంది. ఇది అపొస్తలుల పద్ధతి చెరగకుండా కొనసాగడమే అని ఒకరంటారు. రోమా ప్రపంచంలో వాయిద్యాలంటే విగ్రహాల పూజలు, నాటకశాలలు, తాగుడు విందులు గుర్తొచ్చేవి కాబట్టి పితరులు వాటిని దూరం పెట్టారు, ఆ వాసన పోయాక కారణం కూడా పోయిందని ఇంకొకరంటారు. రెండూ కొంత నిజమే. క్లెమెంటులో విందుల మీద చిరాకు స్పష్టంగా కనిపిస్తుంది. కానీ క్రిసోస్టమ్ చెప్పింది కేవలం పరిసరాల సంగతి కాదు, పాత కొత్త నిబంధనల తేడా. కాబట్టి ‘అప్పటి సమాజం అలాంటిది’ అనే ఒక్క మాటతో పితరుల్ని కొట్టిపారేయలేం. అలాగని వాళ్ల మాటే చివరి మాట అనేవాళ్లు, యూదుల గురించి క్రిసోస్టమ్ మాట్లాడిన కఠినమైన తీరును కూడా ఎదుర్కోవాలి.

గోదాలోంచి గుడిలోకి వచ్చిన ఆర్గాన్

ఇవాళ చాలామందికి అన్నిటికన్నా పవిత్రంగా అనిపించే వాయిద్యం ఆర్గాన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాయిద్యం. కానీ అది పుట్టింది సంఘంలో కాదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్టెసిబియస్ నీటి ఒత్తిడితో మోగే ఆర్గాన్ తయారుచేశాడు. రోమన్లు దాన్ని మల్లయుద్ధాలు, కత్తి పోటీలు జరిగే గోదాల్లో వాయించారు. 757లో బైజాంటిన్ చక్రవర్తి ఐదో కాన్‌స్టాంటైన్, ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గాన్ కానుకగా పంపాడు. అది రాజసభ వైభవం, ఆరాధన కోసం పంపింది కాదు. తర్వాతి శతాబ్దాల్లో నెమ్మదిగా పశ్చిమ ఐరోపా మఠాల్లోకి, పెద్ద చర్చిల్లోకి చేరింది. ఆ కానుక పంపిన తూర్పు సంఘం మాత్రం దాన్ని ఆరాధనలోకి రానివ్వలేదు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు చాలావరకు నేటికీ గొంతుతోనే పాడతాయి.

16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు ఈ విషయంలో ఒక్కటిగా లేరు. లూథర్ సంగీతాన్ని వేదాంతం తర్వాత స్థానంలో పెట్టాడు. జూరిచ్‌లో జ్వింగ్లీ స్వయంగా ఎన్నో వాయిద్యాలు వాయించగలవాడు, అయినా ఆయన నాయకత్వంలో 1527లో అక్కడి ఆర్గాన్లు విప్పించేశారు. ఆరాధనలో పాటే ఆగిపోయింది, మళ్లీ 1598లో గానీ మొదలవలేదు. సంగీతం తెలియనివాళ్లే దాన్ని వద్దంటారనుకునేవాళ్లు జ్వింగ్లీని గుర్తుపెట్టుకోవాలి. కాల్విన్ మధ్యదారి పట్టాడు. వాయిద్యాలు ధూపం, దీపాల్లాగే ధర్మశాస్త్రపు ఛాయలని తీసేసి, సంఘమంతా కీర్తనలు పాడేలా చేశాడు. మొత్తం 150 కీర్తనలతో జెనీవా పాటల పుస్తకం 1562లో పూర్తయింది.

నెదర్లాండ్స్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి ఆర్గాన్లు నగర పాలక సంస్థల ఆస్తి కాబట్టి సంస్కరణ తర్వాత కూడా చాలా చోట్ల మిగిలాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఔడే కెర్క్ అనే చర్చిలో స్వేలింక్ అనే మహా విద్వాంసుడు నగరం ఇచ్చే జీతం మీద ఆరాధనకు ముందు, తర్వాత వాయించేవాడు. ఆరాధన సాగుతున్నంతసేపు ఆర్గాన్ మూగగా ఉండేది. అదే గోడల మధ్య, అదే వాయిద్యం, అదే మనిషి. మారింది అది ఆరాధనలో భాగమా కాదా అన్నదొక్కటే.

మిడ్‌వే మెలోడియన్

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మిడ్‌వే ఊళ్లో, 1860 ప్రాంతంలో, ఒక చిన్న సంఘం పాట ఘోరంగా ఉండేది. అక్కడి సంఘకాపరి ఎల్.ఎల్. పింకర్టన్ మాటల్లో చెప్పాలంటే, ఎలుకలు కూడా పారిపోయేంత. పాట నేర్చుకోవడానికి జరిపే కూడికల్లో స్వరం పట్టుకోవడం కోసం మెలోడియన్ తెచ్చారు. అది హార్మోనియంలా తిత్తి గాలితో మోగే చిన్న వాయిద్యం. ఆ తర్వాత అది ఆదివారం ఆరాధనలోకి వచ్చింది. అది నచ్చని ఒక పెద్ద, రాత్రివేళ దాన్ని బయటకు తీయించేశాడని చెబుతారు. సంఘం ఇంకొకటి తెచ్చుకుంది.

ఆ సంఘం, తొలినాటి సంఘం పద్ధతికి తిరిగి వెళ్లాలన్న ఒక అమెరికా ఉద్యమానికి చెందింది. అంతకు పదేళ్ల ముందే ఆ ఉద్యమ నాయకుడు అలెగ్జాండర్ కాంప్‌బెల్, ఆత్మీయులైన క్రైస్తవులకు ఆరాధనలో వాయిద్యం కచేరీ మధ్యలో ఆవు మెడ గంట మోగినట్టు ఉంటుందని రాశాడు. తర్వాతి నలభై ఏళ్లలో ఆ ఉద్యమం నెమ్మదిగా చీలింది. 1906 అమెరికా మత గణనలో ‘చర్చెస్ ఆఫ్ క్రైస్ట్’ను ‘డిసైపుల్స్’ నుంచి వేరుగా లెక్కపెట్టారు. మొదటివాళ్లలో అత్యధికులు ఇప్పటికీ వాయిద్యం వాడరు.

వాయిద్యం ఒక్కటే చీల్చిందా? లేదు. మిషనరీ సంస్థలు ఉండవచ్చా అన్న తగాదా దానితో సమానంగా నడిచింది. అంతర్యుద్ధం తర్వాత ఉత్తరాది పట్టణ సంఘాల దగ్గర డబ్బుంది, దక్షిణాది పల్లె సంఘాల దగ్గర లేదు. ఆర్గాన్ కొనగలగడం హోదాకు గుర్తుగా మారిందని చరిత్రకారులు చెబుతారు. సిద్ధాంతం వెనక డబ్బు, ప్రాంతం, పాత గాయాలు ఉన్నాయనడం ఆ సిద్ధాంతాన్ని నమ్మినవాళ్ల మనస్సాక్షిని తక్కువ చేయడం కాదు. అవి రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

సంప్రదాయం ఎప్పటినుంచి మొదలవుతుంది

‘మన సంప్రదాయం పాడవుతోంది’ అన్న మాట వినగానే అడగాల్సింది, ఎన్నేళ్ల సంప్రదాయమని. 18వ శతాబ్దపు ఇంగ్లండు పల్లె చర్చిల్లో ఊరివాళ్లే ఫిడేలు, క్లారినెట్, బసూన్ పట్టుకుని పాటను నడిపేవారు. 19వ శతాబ్దంలో వాళ్లను దింపేసి ఆర్గాన్, హార్మోనియం పెట్టారు. ఆ రోజు కొత్తగా వచ్చింది ఆర్గానే, పోయింది ఊరివాళ్ల బ్యాండు. నూరేళ్లు గడిచాక గిటారు వచ్చినప్పుడు అదే ఆర్గాన్ ప్రాచీన సంప్రదాయమైంది.

కేథలిక్ సంఘపు నియమాల్లోనూ ఈ కదలిక కనిపిస్తుంది. 1903లో పదో పయస్ పోపు చర్చిలో పియానోను, డోళ్లు తాళాల్లాంటి మోత వాయిద్యాలను నిషేధించాడు. 1963లో రెండో వాటికన్ మహాసభ పైపు ఆర్గాన్‌కు పెద్దపీట వేస్తూనే, పవిత్ర వినియోగానికి తగిన ఇతర వాయిద్యాలను ఆ ప్రాంత సంఘాధికారుల అనుమతితో వాడవచ్చంది. ఆఫ్రికాలో ఒకప్పుడు చాలామంది మిషనరీలు అన్యమత వస్తువులని పక్కన పెట్టించిన డోళ్లు, ఆ తర్వాత కేథలిక్కుల ప్రధాన ఆరాధన అయిన బలిపూజలో (మాస్‌లో) మోగాయి.

డోలు అంటేనే లోకసంబంధం అనేవాళ్లు ఇథియోపియా వైపు చూడాలి. అక్కడి తెవాహెడో ఆర్థడాక్స్ సంఘం ప్రపంచంలోని అతి పాత సంఘాల్లో ఒకటి. కెబెరో అనే పెద్ద డోలు, గలగలలాడే త్సెనాత్సిల్, చేతికర్రల కదలికతో వాళ్లు స్తుతి చేస్తారు, మందసం ముందు దావీదు నాట్యాన్ని గుర్తుచేసుకుంటూ. వాళ్లకు డోలే సంప్రదాయం. కాబట్టి ఏ వాయిద్యం పవిత్రంగా వినిపిస్తుందన్నది చాలావరకు మనం ఏ పాటలో పెరిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. అలాగని పెరిగిన పాటను ఒక్క రోజులో లాగేసుకుంటే వృద్ధులకు కలిగే నొప్పి చిన్నది కాదు. దాన్ని ‘మొండితనం’ అనడం అన్యాయం. అటు తన అభిరుచినే దేవుని ఆజ్ఞగా చెప్పడం కూడా అంతే అన్యాయం.

సంఘం గొంతు వినబడుతోందా

నాలుగో ప్రశ్నకు వాయిద్యం ఉన్నా లేకున్నా జవాబు చెప్పాల్సిందే. ‘ఒకనినొకడు’ హెచ్చరించుకుంటూ పాడమన్నది ఎఫెసీ పత్రిక. పాడేది వేదిక మాత్రమే, మిగతావాళ్లు వినేవాళ్లే అయితే ఆ మాటకు చోటెక్కడ? నాలుగు వేర్వేరు స్వరభాగాలుగా పాడటంలో ఆరితేరిన చిన్న బృందమే పాడి, తక్కినవాళ్లు మౌనంగా ఉండిపోతే ఆ కాపెల్లా సంఘానికీ ఇదే జబ్బు.

దీన్ని కొలవవచ్చు కూడా. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం, 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల వరకు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. స్పీకర్ల మోత ఆ స్థాయికి చేరిన గదిలో పక్కన ఉన్నవాడి పాట వినిపించదు, తన గొంతు తనకే వినిపించదు. కొద్దిసేపటికి జనం పెదవులు ఆడించడం కూడా మానేస్తారు. ఇక్కడ గొడవ వాయిద్యానిది కాదు, మిక్సర్ మీద వేలిది. దీన్ని సిద్ధాంతం చేసి కొట్లాడుకునే ముందు రెండు మీటలు కిందికి దించి చూడవచ్చు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు రికార్డు చేసిన ట్రాకులు. వాయించేవాళ్లు లేని చిన్న సంఘం ఫోన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడుతుంది. పెద్ద సంఘం తన బ్యాండు వెనక లేని ఫిడేళ్లను ట్రాకులోంచి వినిపిస్తుంది. 1958లోనే రోమ్ ఒక ఆదేశంలో గ్రామఫోను, టేపు లాంటి యంత్రాలు ఆరాధనలో సంగీతానికి పనికిరావంది. ఆర్గాన్‌ను ఆదరించే సంఘమే ఆ మాట అంది, అక్కడ వాయించే మనిషి కూడా ఆరాధిస్తున్నాడు కాబట్టి. హిజ్కియా నాడు బూర పట్టిన యాజకుడు కూడా అలా నిలబడినవాడే. వాయిద్యం వాడే సంఘాలు ట్రాకు విషయం తేల్చుకోవాలంటే దేవాలయాన్ని ఆధారం చేసుకోవడం ఒక్కటే చాలదు. వాడని సంఘాలకూ ఇది తప్పదు. కూడికకు వచ్చినవాళ్లు పదిమందే అయినప్పుడు, గొంతులతో మాత్రమే రికార్డు చేసిన పాటను స్పీకర్లో పెట్టి దానితో కలిసి పాడితే, అది శ్రుతి గొట్టంలా సహాయమా, పియానోలా చేర్పా?